హోదా ప్రకారం కళ్ళద్దాలు

చిరంజీవి బావమరిదికి,

బావ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అక్కా, నా మోకాళ్ళూ అందరం ఉన్నచోటే ఉన్నాం. నువ్వూ నీ ఉద్యోగమూ కూడా ఉన్నచోటే ఉన్నారని తలుస్తాను.

పని ఉండి రాస్తున్నాను. ఆ పని అర్థం కావాలంటే ముందు మా రిటైరైనవాళ్ళ సంఘం గురించి నాలుగు ముక్కలు తెలియాలి. మాకొక హాలుంది, అందులో ఒక ఫ్యానుంది. అది అధ్యక్షులవారి కుర్చీ మీద మాత్రమే తిరుగుతుంది. అధ్యక్షులవారు మాజీ ఇంజినీరు. ఆయన కట్టించిన వంతెన మీద ఆయన తప్ప అందరూ నడుస్తారు. కార్యదర్శిని నేను. ఇన్నాళ్ళూ ఆ పదవికి ఎవరూ పోటీ పడలేదు. ఈసారి వార్షిక సమావేశంలో డ్రిల్లు మాస్టారు నిలబడతానంటున్నాడు. జీవితమంతా జనాన్ని నిలబెట్టి, ఇప్పుడు తనే నిలబడాలని బుద్ధి పుట్టినట్టుంది. కార్యదర్శి చేసే పనల్లా కుర్చీలు తుడవడమేనని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు.

ఒరేయ్, ఈ పదవి పోతే నేను రోజంతా ఇంట్లోనే ఉండాలి. అది నాకూ మంచిది కాదు, మీ అక్కకీ మంచిది కాదు.

అందుకని ఒక ఘనకార్యం తలపెట్టాను. సంఘంలో అందరికీ కొత్త కళ్ళద్దాలు. కళ్ళ డాక్టరమ్మని హాలుకి పిలిపించి అందరినీ పరీక్ష చేయించాను. వచ్చినవాళ్ళని వచ్చినట్టు ఆవిడ కంప్యూటర్లో ఎక్కించుకుని ఫైలు నా చేతిలో పెట్టింది. నువ్వు కళ్ళద్దాల కంపెనీలో ఆర్డర్ల విభాగంలోనే ఉన్నావు కదా, ఆ ఫైలు నీకు పంపితే అద్దాలు తయారై వస్తాయి.

సి.ఎస్.వి. ఫైలు అంటే బావకి తెలియదనుకోకు. ఒక్కో మనిషికీ ఒక్కో వరస. పేరు, వయసు, చిరునామా, కుడికన్ను, ఎడమకన్ను, మధ్య మధ్య కామాలు. అచ్చాఫీసులో కంపోజిటరుగా సీసపు అక్షరాలు పేర్చి పేర్చి వేళ్ళు నల్లబడినవాణ్ణి. కామా బరువెంతో నాకు తెలిసినట్టు మీ ఇంజినీర్లకి తెలియదు. పైగా పాత పుస్తకాల కొట్లో ఒక పుస్తకం కొనుక్కుని, కంప్యూటరుకి పని చెప్పే స్క్రిప్టులు రాయడం కూడా సొంతంగా నేర్చుకున్నాను. ఆ పుస్తకానికి చివరి అధ్యాయం లేదు. అక్కర్లేదని ఎవరో చింపేసి ఉంటారు.

ఒక్కటే చిక్కు. డాక్టరమ్మ ఫైల్లో అందరికంటే పైన గడియారాలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు, పొద్దున్నే లేస్తాడు కాబట్టి. అధ్యక్షులవారు చిట్టచివర ఉన్నారు, ఎప్పుడూ ఆలస్యంగా వస్తారు కాబట్టి. అధ్యక్షుల పేరు అడుగున పెట్టి కాగితం బయటికి పంపే సంప్రదాయం మా సంఘానికి లేదు. మీ మెషీనుకి వరస ముఖ్యమా?

ఇట్లు,
నీ బావ, కార్యదర్శి

ఇంకొక్క మాట: మీ అక్కకి తేలికపాటి ఫ్రేము కావాలట. నీ చేతికి పని అప్పగిస్తున్నానని చెప్పాను. "చిన్నప్పుడు వాడు అద్దం ముట్టుకుంటే పగిలేది" అంది. ప్రేమ అలాగే ఉంటుంది.

* * *

పూజ్యులు బావగారికి,

నమస్కరించి రాస్తున్నాను. నేను కులాసా. పని ఒత్తిడి వల్ల క్లుప్తంగా రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. ఈ మధ్య నన్ను ఉప పర్యవేక్షకుణ్ణి చేశారు. పర్యవేక్షకుడు రిటైరవబోతున్నాడు, అర్థం చేసుకోండి.

మీ ఫైలు చూశాను. మా మెషీనుకి పేరు, కుడికన్ను, ఎడమకన్ను, ఈ మూడు కాలమ్‌లే కావాలి, ఇదే వరసలో. మీ సభ్యుల వయసు తెలుసుకోవాలన్న ఆసక్తి మా మెషీనుకి లేదు. వయసూ చిరునామా తీసేసి పంపండి. రెండు లైన్ల స్క్రిప్టు సరిపోతుంది. మీకు కష్టమైతే చెప్పండి, ఇక్కడ భోజన విరామంలో ఎవరిచేతనైనా రాయిస్తాను.

ఇక పేర్ల సంగతి. మెషీనుకి అధ్యక్షుడూ తెలియదు, గడియారాలాయనా తెలియదు. పేర్లు మీకెలా కావాలంటే అలా పెట్టుకోండి.

మీ విధేయుడు,
బావమరిది (ఉప పర్యవేక్షకుడు, ఆర్డర్ల విభాగం)

మరో మాట: అక్కతో చెప్పండి, ఆ అద్దం పగలగొట్టింది నేను కాదు, పిల్లి. అప్పట్లో పిల్లి తరఫున మాట్లాడేవాళ్ళు ఎక్కువ, నా తరఫున ఎవరూ లేరు.

* * *

చిరంజీవి బావమరిదికి,

దీవెనలు. భోజన విరామంలో ఎవరిచేతనైనా రాయిస్తానన్నావు చూడు, ఆ మాటకి రెండు రోజులు నాకు భోజనం సహించలేదు. రెండు లైన్ల పని కదా అన్నావు. నేను చాలా లైన్లు రాశాను. కంపోజిటర్లం, మాకు ఖాళీ జాగా అంటే గిట్టదు.

ముందు పేర్లు హోదా ప్రకారం పేర్చి ఒక జాబితా చేశాను. అంత తేలికనుకోకు, ఆర్డర్ల విభాగంలో కూర్చున్నవాడికి ఆ బాధ తెలియదు. అధ్యక్షులవారు పైన. ఆయన కింద ఉపాధ్యక్షులు. తర్వాత హాలుకి ఫ్యాను ఇచ్చినాయన, గోడ గడియారం ఇచ్చినాయన. ఫ్యాను గొప్పా గడియారం గొప్పా అని ఇద్దరికీ మాటలు లేవు. అందుకే వాళ్ళని పక్కపక్కన వేశాను, ఇక చచ్చినట్టు పలకరించుకోవాలి. ఆ తర్వాత సమావేశాల్లో మాట్లాడేవాళ్ళు, ఆ తర్వాత నిద్రపోయేవాళ్ళు. డ్రిల్లు మాస్టార్ని నిద్రపోయేవాళ్ళకి కింద వేశాను. ఆయన నిద్రపోడు, అదే ఆయన తప్పు. ఆడవాళ్ళు ఆఖరున. వాళ్ళలోనూ మీ అక్క ఆఖరు, లేకపోతే కార్యదర్శి పక్షపాతం చూపించాడంటారు.

ఇక స్క్రిప్టు. అది ఒక చేత్తో నా పేర్ల జాబితా పట్టుకుంటుంది. రెండో చేత్తో డాక్టరమ్మ ఫైలు పట్టుకుని అందులో పేరూ వయసూ చిరునామా వదిలేసి, కళ్ళ అంకెలు మాత్రం తీసుకుంటుంది. తర్వాత మొదటి పేరు పక్కన మొదటి అంకెలు, రెండో పేరు పక్కన రెండో అంకెలు, అలా వరసకి వరస అతికించేస్తుంది. అంకెల వరస మాత్రం నేను కదపలేదు. డాక్టరు ఏ చోట రాసిన అంకె ఆ చోటే ఉంది. చదువుకున్న మనిషి రాసినదాన్ని అటూ ఇటూ జరపడానికి నేనెవర్ని?

ఫైలు జతచేశాను. డాక్టరమ్మ అసలు ఫైలు కూడా పెట్టాను, పోల్చుకుని నా పనితనం చూసుకుంటావని.

ఇట్లు,
బావ, కార్యదర్శి (ప్రస్తుతానికి)

ఇంకొక్క మాట: స్క్రిప్టు ఆడుతుంటే చూడమని మీ అక్కని పిలిచాను. వచ్చేసరికి అయిపోయింది. "దీనికోసమా రెండు రోజులు అన్నం చల్లారబెట్టారు" అని వెళ్ళిపోయింది. కళాకారుడికి ఇంట్లో గుర్తింపు ఉండదు.

* * *

పూజ్యులు బావగారికి,

నమస్కారాలు. మీ ఫైలు అందింది. నేను స్వయంగా తనిఖీ చేశాను. తనిఖీ అంటే ఏమిటో మీకు తెలియాలి. మనుషులు ఎంతమందో వరసలు అన్నే ఉన్నాయి. ప్రతి వరసలోనూ కామాలు ఉండాల్సినన్నే ఉన్నాయి. మా ప్రోగ్రాం ఒక్క ఎర్రరూ చూపలేదు. ప్రోగ్రాం తప్పు చూపలేదంటే తప్పు లేదని మా విభాగంలో లెక్క. డాక్టరుగారి అసలు ఫైలు తెరవలేదు, తెరవాల్సిన అవసరం లేనంత శుభ్రంగా ఉంది మీది.

పార్శిల్ పంపించేశాను. ప్రతి డబ్బా మీదా పేరుంటుంది. ఎవరి పేరున్నది వాళ్ళకివ్వండి.

మీ వల్ల ఒక చిన్న ఉపకారం కావాలి. అద్దాలు అద్భుతంగా ఉన్నాయని సభ్యులందరి సంతకాలతో ఒక ప్రశంసాపత్రం పంపించండి. పర్యవేక్షకుడి కుర్చీకి నాతోపాటు ఇంకొకడు ఎదురుచూస్తున్నాడు. వాడికి ఇలాంటి పత్రం రాసిచ్చే బావ లేడు.

మీ విధేయుడు,
బావమరిది

మరో మాట: కొత్త అద్దాలు మొదట్లో కొంచెం ఇబ్బందిగా ఉంటాయి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే అలవాటవుతుందని చెప్పండి. మేమంతా ఇక్కడ అదే చెబుతాం.

* * *

చిరంజీవి బావమరిదికి,

దీవెనలు. నిన్న కళ్ళద్దాల పంపిణీ సభ జరిగింది. అంత ఘనంగా ఇంతకుముందు మా హాల్లో ఏదీ జరగలేదు, నా రిటైర్మెంటు సన్మానంతో సహా.

ముందు అందరి పాత అద్దాలూ ఒక పెట్టెలో వేయించి, లేనివాళ్ళకి ఇవ్వమని వేరే ఊరి సేవాసంస్థకి అక్కడికక్కడే పంపేశాం. ఇది అధ్యక్షులవారి ఆలోచన. పాతదంతా వదులుకుంటేగాని కొత్తదాని విలువ తెలియదన్నారు. తర్వాత హోదా ప్రకారం పిలిచి ఇచ్చాను. అధ్యక్షులవారు మొదటి జత పెట్టుకున్నారు. ఆ తర్వాత, "అబ్బ, ఎంత స్పష్టంగా ఉంది" అని, ఫోటోగ్రాఫరు అనుకుని గొడుగుల స్టాండుకి చెయ్యి కలిపి ఉపన్యాసం మొదలుపెట్టారు. సభకి వీపు పెట్టి మాట్లాడారు. గోడని సంబోధిస్తూ అంత బాగా మాట్లాడగలరని మాకు తెలియదు.

అధ్యక్షుడికే స్పష్టంగా ఉంటే మిగతావాళ్ళకి మసగ్గా ఎందుకుంటుంది? అందరికీ దివ్యంగా ఉంది. ఫ్యాను ఇచ్చినాయన గడియారం ఇచ్చినాయన్ని చూసి ఎవరో బంధువనుకుని కావలించుకున్నాడు. డ్రిల్లు మాస్టారికి సీసా అడుగంత మందం అద్దాలు వచ్చాయి. చదును నేల మీద మెట్లెక్కుతున్నట్టు మోకాళ్ళు ఎగరేసి నడుస్తున్నాడు. "ఎలా ఉన్నాయి మాస్టారూ" అంటే, "నీ ఓటమి కూడా కనిపిస్తోంది" అని హాలు తలుపుతో అన్నాడు. నేను ఆ తలుపు పక్కనే ఉన్నాను.

నాకూ బాగానే ఉన్నాయి. ప్రపంచం కొంచెం వంగినట్టుంది. ఇంతకుముందే వంగి ఉండి ఉంటుంది, మనం గమనించలేదు.

ప్రశంసాపత్రం జతచేశాను. సంతకాలన్నీ కాగితం మీదే పడేలా నేను దగ్గరుండి చూశాను. రెండు మూడు మాత్రం టేబులు గుడ్డ మీద పడ్డాయి. ఆ ముక్క కత్తిరించి పంపుతున్నాను.

ఇట్లు,
బావ, కార్యదర్శి (ఇక ఢోకా లేదు)

ఇంకొక్క మాట: మీ అక్క ఒక్కతే తేడాగా ఉంది. పెట్టుకుని, తీసి, చేతిలో తిప్పి చూసి, "ఇవి నావి కావు" అంది. మూత మీద నీ పేరుందిగా అన్నాను. "పేరు నాదే, కళ్ళు ఇంకెవరివో" అంది. అలవాటవుతుందని చెప్పాను. నావంక చూసిన చూపు మాత్రం చాలా స్పష్టంగా ఉంది.

* * *

బావగారికి,

నమస్కారం. మీ ఉత్తరం రెండో పేజీలో లైన్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కవరు మీద స్టాంపు నా పేరు మీద అంటించారు. పోస్టుమాను నన్ను వాసన పట్టి వెతుక్కున్నట్టు వచ్చాడు. అనుమానమొచ్చి డాక్టరుగారి అసలు ఫైలు తెరిచాను.

బావా, ఏం చేశారు మీరు?

పేర్లు ఒక్కటే కదిపారు. అంకెలు కదపలేదు. వరస అంటే మనిషి. పేరు జరిగితే ఆ పేరుతోపాటు అతని కళ్ళు కూడా జరగాలి. మీరు మనుషుల్ని పైకీ కిందకీ మార్చి కళ్ళని కుర్చీల్లోనే వదిలేశారు. మీ అధ్యక్షుడి ముక్కు మీదున్నవి గడియారాలు బాగుచేసే ఆయన అద్దాలు. అధ్యక్షుడివి అక్క దగ్గరున్నాయి. ఎవరివీ వాళ్ళ దగ్గర లేవు.

అద్దాలు మళ్ళీ చేయనక్కర్లేదు. అన్నీ అక్కడే ఉన్నాయి, ముక్కులే మారాలి. ఎవరు ఎవరికివ్వాలో స్క్రిప్టుతో జాబితా తీసి పంపుతున్నాను. అందరినీ కూర్చోబెట్టి మార్పించండి. కానీ చప్పుడు కాకుండా. మీ ప్రశంసాపత్రాన్ని మా మేనేజరు చట్రం కట్టించి, టేబులు గుడ్డ ముక్కతో సహా గోడకి తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ నన్ను పక్కన నిలబెట్టి చూపిస్తున్నాడు.

బావమరిది

మరో మాట: "పేర్లు మీకెలా కావాలంటే అలా పెట్టుకోండి" అని నేను రాశానని మీరంటారు. రాశాను. మనిషిని ఎలాగైనా కూర్చోమంటే కళ్ళు ఇంట్లో పెట్టి రమ్మని కాదు.

* * *

బావమరిదికి,

దీవెనలు తగ్గించి పంపుతున్నాను. తప్పెవరిదన్న చర్చ తర్వాత పెట్టుకుందాం. నీ ప్రోగ్రాం తప్పు చూపలేదని నువ్వే రాశావు. కామాలు లెక్కపెట్టి కళ్ళు పరీక్షించేవాడివి నువ్వొక్కడివే.

నీ జాబితా పట్టుకుని సంఘం ఆఫీసు గదిలో అధ్యక్షులవారి దగ్గరికి వెళ్ళాను. నిజం చెప్పలేదు. సభ్యులు స్నేహపూర్వకంగా అద్దాలు మార్చుకుంటే ఐకమత్యం పెరుగుతుందన్నాను. "నావి ఎవరికివ్వాలి?" అన్నారు. గడియారాలు బాగుచేసే ఆయనకి అన్నాను. "నేనెవరివి పెట్టుకోవాలి?" అన్నారు. జాబితాలో ఆఖరి పేరువి అన్నాను. ఆయన లేచి నిలబడ్డారు. "మొదటి పిలుపుకి వచ్చిన అద్దాలు తీసి ఆఖరి పిలుపుకి వచ్చినవి పెట్టుకోవాలా? నాకివి అమోఘంగా ఉన్నాయి" అని, గదిలోంచి బయటికి వెళ్ళబోయి బీరువాలోకి వెళ్ళారు. బయటికి రావడానికి కాసేపు పట్టింది. ఇనప్పెట్టె కొలతలు చూస్తున్నానన్నారు లోపల్నించి.

ఇదొక్కటే కాదు. సంఘంలో కొత్త జబ్బు పుట్టింది. మందం అద్దాలు ఎవరికొస్తే వాళ్ళు గొప్ప. పల్చటివి వచ్చినవాళ్ళు, తమకంటే డ్రిల్లు మాస్టారికి ఎందుకంత మందం ఇచ్చారని నన్ను నిలదీస్తున్నారు. కనిపించడం లేదని ఒక్కడూ అనడు. కనిపించడం కంటే మందం ముఖ్యమైపోయింది.

కాబట్టి ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చాను. ఎల్లుండే సమావేశం. ఇప్పుడు నిజం చెబితే డ్రిల్లు మాస్టారు గెలుస్తాడు. చెప్పకపోతే ఇంకో రెండు రోజులు జనం గోడలకి తగులుకుంటారు. గోడలకి ఓట్లు లేవు. గెలిచాక చెబుతాను.

గెలుస్తాను కూడా. మా సంఘంలో ఓటంటే చీటీ మీద కావలసినవాడి పేరు రాసి డబ్బాలో వెయ్యడమే. నా పేరు చిన్నది, కళ్ళు మూసుకుని కూడా రాయొచ్చు. డ్రిల్లు మాస్టారి పేరు ఇంటిపేరుతో కలిపి చీటీ పట్టదు. చూపు లేని సభలో పొట్టి పేరే గెలుస్తుంది. రాజనీతి అంటే ఇదే.

ఇట్లు,
బావ

ఇంకొక్క మాట: ఈ ఉత్తరం మీ అక్క కంట పడకుండా రాశాను. ఆవిడ ఊళ్ళోకి వెళ్ళింది. ఎదురుగా కుర్చీలో చీర ఆరేసి వెళ్ళినట్టుంది, కదలకుండా ఉంది.

* * *

తమ్ముడికి,

అక్క ఆశీర్వదించి రాస్తున్నది. నేను బాగున్నాను. మీ బావ కూడా బాగానే ఉన్నారు, మాట్లాడటం లేదు అంతే.

ముందుగా, కుర్చీలో ఉన్నది చీర కాదు, నేను. ఆయన ఉత్తరం పైకి చదువుకుంటూ రాస్తారు, నీకు తెలుసుగా. వినాలని నేను వినలేదు, లేవలేదంతే.

నిన్న సమావేశమైంది. చీటీలు డబ్బాలో పడ్డాయి. పైకి చదవడం అధ్యక్షుల పని. ఆయన మొదటి చీటీ తీసి, దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, తిరగేసి, గొంతు పట్టేసిందన్నారు. ఉపాధ్యక్షుడికిచ్చారు. ఆయనకీ గొంతు పట్టేసింది. ఫ్యాను ఇచ్చినాయనకీ, గడియారం ఇచ్చినాయనకీ, అలా వరస తప్పకుండా మీ బావ వేసిన జాబితా ప్రకారం హాలంతా గొంతులు పట్టేశాయి. డ్రిల్లు మాస్టారు, నిబంధనల ప్రకారం అభ్యర్థి చదవకూడదన్నాడు. మీ బావ చాలా పెద్దమనసుతో ఒప్పుకున్నారు. తిరిగి తిరిగి డబ్బా ఆఖరి బల్ల మీదున్న నా ఒళ్ళోకి వచ్చింది.

నా పాత అద్దాలు ఆ రోజు పెట్టెలో నేను వెయ్యలేదు. సంచిలోంచి తీసి పెట్టుకుని చీటీలు చూశాను. ఏం చెప్పమంటావు, ఒరేయ్. ఒకాయన చీటీ జేబులో పెట్టుకుని బస్సు టికెట్టు డబ్బాలో వేశాడు. చాలామంది రాశారు గానీ, అక్షరం మీద అక్షరం, దాని మీద ఇంకో అక్షరం, వల అల్లినట్టుంది. కొందరు బల్ల మీదే రాసి తెల్లచీటీ వేశారు. డ్రిల్లు మాస్టారి పేరు ఒక చీటీలో ఉంది, సగం. మీ బావ పేరు ఒక చీటీలో ఉంది, పూర్తిగా. రాత ఆయనదే.

సభంతా నావైపు, అంటే నేనున్నాననుకున్న వైపు చూస్తోంది. ఎవరో ఒకరు గెలవాలి కదా. ఒక్కో చీటీ తీసి నా పేరు చదివాను. మాస్టారికొకటి, మీ బావకొకటి వాళ్ళవి వాళ్ళకి చదివాను, అన్యాయం చెయ్యలేదు. మిగతావన్నీ నావే. చీటీ ఇలా ఇవ్వండి చూస్తామని ఒక్కరూ అనలేదు. చూడాలంటే కనిపించాలి. కనిపించదనాలంటే ఇన్ని రోజులూ ఏం చూశారో చెప్పాలి. చప్పట్లు కొట్టారు. తాము వేసిన ఓటు తమకే గుర్తులేనంత గట్టిగా కొట్టారు.

కార్యదర్శిగా నా మొదటి పని ఇవాళ పొద్దున అయింది. అందరి అద్దాలూ తీయించి బల్ల మీద పెట్టించి, నీ జాబితా ప్రకారం నేనే పంచాను. జాబితా ఎక్కడిదని మీ బావ అడగలేదు. నువ్వు పంపిన ఉత్తరాలు ఆయన నాచేతే చదివించుకుంటున్నారు కొద్దిరోజులుగా, గుర్తున్నట్టు లేదు. తన అద్దాలు పెట్టుకోగానే డ్రిల్లు మాస్టారు హాలంతా చూసి, మీ బావని చూసి, పాపం, కుర్చీలు సర్దడం మొదలుపెట్టాడు. అధ్యక్షులవారు మాత్రం మార్చుకోనన్నారు. ఆయన ఇష్టం. గడియారాలు బాగుచేసే ఆయనకి నువ్వే ఇంకో జత చేయించి పంపు. బీరువాకి తాళం వేయించాను.

నీ సంగతి. ఆ గోడ మీది చట్రం ఇవాళే దించు. అందులో నా సంతకం కూడా ఉంది, అది నేను పెట్టలేదు. నువ్వు దించకపోతే ఆ మాట మీ మేనేజరుకి సంఘం కాగితం మీద రాస్తాను. ఇప్పుడు నా దగ్గర ఆ కాగితాలు చాలా ఉన్నాయి.

ఇట్లు,
అక్క, కార్యదర్శి

ఇంకో సంగతి: మీ బావకి ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. పొద్దున్నించి చీటీలు మళ్ళీ లెక్కపెట్టమని అడుగుదామని నా ఎదురుగా కూర్చున్నారు. అడగాలంటే ముందు స్క్రిప్టు సంగతి ఒప్పుకోవాలి. నోరు తెరుస్తున్నారు, మూస్తున్నారు. నేను చూస్తూ కూర్చున్నాను, నాకేం తొందర.